నీలిమందు తొట్టి

1956 అక్టోబరు 21, ఆదివారం. ప్రొద్దుటూరు

తొట్టి నిండింది. పక్క నిమ్మతోట వాళ్ళ ఆయిల్ ఇంజను నిన్న పొద్దున మొదలుపెడితే ఈ రోజు మధ్యాహ్నానికి అయింది. మళ్ళీ సంక్రాంతి దాటేదాకా నీళ్ళు అడగొద్దన్నారు తోటవాళ్ళు. అక్కర్లేదు లెండి అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో.

ఈయన తాతగారు ఈ ఇల్లు కొన్నది నీలిమందు వ్యాపారం చేసినవాళ్ళ దగ్గరట. పెరట్లో తొట్టి అప్పటిది. గచ్చు ఇంకా చెక్కు చెదరలేదు. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ అందులో పిడకలు, విరిగిన కుర్చీలు, వానాకాలం కప్పలు. వేలూరు డాక్టరు "ఛాతీ లోతు నీళ్ళలో నడిపించండి, బరువు నీళ్ళు మోస్తాయి" అన్నప్పుడు, "మా ఊర్లో అట్లాంటివి యాడుంటాయి డాక్టరుగారూ, పెన్నలో మోకాలు తడిసే నీళ్ళుంటే పండగ" అని ఈయన నవ్వారు. నాకు మాత్రం పిడకల కిందున్న తొట్టి కళ్ళ ముందుకొచ్చింది.

డాక్టరు చెప్పిన రెండో మాట కూడా రాసుకుంటున్నాను. పక్షవాతం వచ్చిన ఎడమ కాలికి బలం కొంత తిరిగొచ్చింది. స్పర్శ రాలేదు. తానెక్కడుందో ఆ కాలికి తెలియదు. కన్ను చూసి చెప్పాలి. అంటే ప్రతి అడుగూ ఆయనకు కనపడాలి. అంటే నీళ్ళు తేటగా ఉండాలి. స్పర్శ వస్తే ఈ చలికాలంలోనే రావాలన్నాడు.

జనవరి మొదటి వారంలో ఈయన తన కాళ్ళమీద నడిచి క్లాసులోకి పోవాలి. లేకపోతే లెక్కలకు ఇంకొకరిని వేసుకోక తప్పదని హెడ్మాస్టరు వచ్చి మర్యాదగానే చెప్పి వెళ్ళారు. కాఫీ బాగుందన్నారు.

అక్టోబరు 22

ఈయనను ఎత్తి దించడానికి ఒప్పుకున్న గొర్రెల కాపరి కొండయ్య, మందను దొడ్లోనే ఉంచి పొద్దున్నే వచ్చాడు. ఈయనను వీపుమీద ఎక్కించుకుని తొట్టి మెట్లు దిగాడు.

"ఏంది సామీ, ఈనబొయ్యే గొర్రెకున్న బరువు గుడక లేవు. అమ్మ కూడు పెట్టలేదా?"

"కూడు పెడతాది. దాంతోపాటు సైన్సు పెడతాది. అదే అరగదు."

గోడ పట్టుకుని నిలబడ్డారు. కిందికి చూశారు. చాలాసేపు చూశారు. "అదిగో, ఆడుంది" అన్నారు, సంతలో తప్పిపోయినవాడు కనపడినట్టు. గోడ వెంబడి రెండు వైపులా నడిచారు. కొండయ్య చేతులు వదిలేశాడు. నేను గట్టున నిలబడి ఏడవలేదు.

అక్టోబరు 26

మూడు రోజులుగా ముసురు. నీళ్ళు బియ్యం కడుగులా మారాయి. గట్టునుంచి చూస్తే మొదటి మెట్టు కూడా కనపడటం లేదు. ఈయన రెండు అడుగులు వేసి, మూడోది ఎక్కడ పెట్టారో తెలియక పక్కకు ఒరిగి మునిగిపోయారు. కొండయ్య చంకల్లో చేయి వేసి లేపాడు. దగ్గారు, చీదారు, పైకి తీసుకుపొమ్మని చేయి చూపించారు. ఏమైనా అని ఉంటే బాగుండేది.

అత్తమ్మ చిల్లగింజ అరగదీయమంది. తాగే బిందె లోపల ఆమె రోజూ రుద్దేది అదే, నీళ్ళు తేరుకుంటాయి.

"బిందెకు సరే అత్తమ్మా, ఇంత తొట్టికి?"

"అదీ నిజమే. ఆ తొట్టికి చాలినన్ని గింజలు అరిగేటప్పటికి నేను అరిగిపోతా."

పటిక తెప్పించాలి.

అక్టోబరు 28

పురుగులు. కందిగింజంత ఉంటాయి. వెల్లకిలా పడి, రెండు పొడుగాటి కాళ్ళను తెడ్లలా వేసుకుంటూ ఈదుతాయి. పొట్ట కింద గాలి బుడగ వెండిలా మెరుస్తుంది. మద్రాసులో బి.ఏ.కు జంతుశాస్త్రం చదివేటప్పుడు దీని బొమ్మ గీశాను, చక్కగా గీశావని మెచ్చుకున్నారు కూడా. కుడుతుందని అప్పుడు రాసుకున్నానో లేదో.

సూది దించినట్టు కుడుతుంది. ఈయనకు కుడి తొడమీద రెండు చోట్ల కుట్టింది.

"నీ సైన్సుకు తెలీదు గానీ పురుక్కి తెలిసింది కాత్యాయనీ, ఏ కాలు బతికుండాదో."

తుడిచేటప్పుడు చూశాను. ఎడమ పిక్కమీద కూడా మూడు ఎర్రటి దద్దుర్లు. వాటి సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

అక్టోబరు 29

బట్టలో పటిక కట్టి తొట్టంతా తిప్పాను. రేపు చూడాలి.

అక్టోబరు 30

తేరుకుంది. అయితే తేటనీళ్ళలో పురుగులు ఇంకా బాగా కనపడ్డాయి. పిండి జల్లెడకు కర్ర కట్టి పట్టడం మొదలుపెట్టాను. ఒక్కొక్కటీ తప్పించుకుని అడుక్కు పోతుంది. నేనూ జల్లెడ అడుగుదాకా దించుతాను. గంటసేపటికి బకెట్ అడుగున గుప్పెడు పురుగులు, తొట్టినిండా మళ్ళీ కడుగు నీళ్ళు. అడుగున ఉన్న బురదంతా నేనే లేపాను.

పురుగులు తీస్తే నీళ్ళు చెడతాయి. నీళ్ళు కదపకపోతే పురుగులు ఉంటాయి. ఇందులో తెలివైన పని ఏదో నాకు తెలియడం లేదు. తెలిసినదాన్నని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు.

నవంబరు 1

కొత్త రాష్ట్రం. బడిపిల్లలు ఊరేగింపుగా వీధిలో పోయారు. మన గుమ్మం ముందు ఆగి "గురురాజారావు సారుకు నమస్కారం" అని కేక వేశారు. ఈయన కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, కుడి చేయి ఎత్తారు. వాళ్ళు వీధి మలుపు తిరిగిందాకా ఆ చేయి దించలేదు.

నవంబరు 3

బ్లీచింగు పౌడరు వేశాను. ఎక్కువైంది. నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లగా పొంగాయి. అందరి కళ్ళూ మండాయి. రెండు రోజులు దిగకూడదు. నేను చేసిన పనే.

నవంబరు 4, ఆదివారం. కార్తీకం వచ్చింది

అత్తమ్మ తృప్తి కోసం ఆకాశదీపం ఎత్తించాను. నాకు వీటిలో నమ్మకం లేదు. ఎనభైకి దగ్గర పడిన మనిషి, కొడుకు ఇట్లా అయ్యాడు, ఆమెకూ ఏదో ఒకటి ఉండాలి కదా. వెదురు గడకు చిన్న గిలక, దారం, చిల్లుల ఇత్తడి గిన్నెలో నూనె దీపం. తొట్టి గట్టున పాతించాను, పెరట్లో ఎత్తైన చోటు అదే కనుక. నెలంతా ఆరకుండా చూసుకుంటే చాలు.

నవంబరు 7

గాలికి మూడుసార్లు ఆరింది. మూడుసార్లూ దించి వెలిగించాను. అత్తమ్మ వసారాలోంచి, "పోనీలేవే, రేపు పెట్టచ్చు" అంది. పెద్దావిడ బాధ పైకి చెప్పదు.

నవంబరు 8

ఉపాయం తట్టింది. పక్కింటి అమీర్ బాషా వైరింగు పని చేస్తాడు. అతన్ని పిలిచి గడమీదికి వైరు లాగించి, అరవై క్యాండిళ్ళ బల్బు, దానిమీద వానకు రేకు మూత పెట్టించాను. స్విచ్చి వంటింట్లో.

అమీర్ బాషా నిచ్చెన ఎక్కి కూర్చుని అడిగాడు: "దేవుడికి కరెంటు దీపం చెల్లుతాదా అమ్మా? మా ఉరుసులో అయితే పెడతారు."

"వెలుగు వెలుగే కదా బాషా."

ఈయన కుర్చీలోంచి, "పుణ్యం మీటర్లో తిరగతాదేమో చూడప్పా" అన్నారు.

సాయంత్రం ఆరున్నరకు వేశాను. తొట్టి నీళ్ళలో ఇంకో బల్బు వెలిగింది. చాలా బాగుంది. ఇక గాలికీ వానకూ ఆరేది లేదు. ఇది వెలిగినంత కాలం ఆయనకేమీ కాదని ఎవరో అన్నట్టు అనిపించింది. ఎవరూ అనలేదు.

నవంబరు 10

పురుగులు ఎక్కువయ్యాయి. పొద్దున జల్లెడకు రెండు గుప్పెళ్ళు. వానల వల్ల.

నవంబరు 11

ఇంకా ఎక్కువ. ముఖ్యంగా గడ పాతిన వైపు. ఆ వైపు గోడ నీడ ఉంటుంది, అందుకే అయి ఉంటుంది.

నవంబరు 12

ఈయన దిగనన్నారు. నీళ్ళు చల్లగా ఉన్నాయట. కొండయ్య తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు, నావైపు చూశాడు, పోయాడు.

నవంబరు 13

ఈ రోజూ దిగలేదు. జలుబు చేసిందట. తుమ్మలేదు, దగ్గలేదు.

గోడ వెంబడి నడిచిన ఆ మొదటి రోజు కాలు ఎంత నిక్కచ్చిగా పడిందో నాకు గుర్తుంది. పొద్దున మంచందగ్గర నిలబెడితే ఆ కాలు మళ్ళీ పక్కకు తిరిగిపోతోంది. నడక ఆపితే కాలు ఉన్నచోటే ఆగదు, వచ్చిన బలం కూడా వెనక్కి పోతుంది. అరిచాను. "జనవరికి క్లాసులోకి కొండయ్య వీపుమీదే పోతారా" అన్నాను. అనకూడని మాట. ఆయన గోడమీద బల్లిని చూస్తూ కూర్చున్నారు.

నవంబరు 15

నిన్న సాయంత్రం ఊరంతా కరెంటు పోయింది, తెల్లవారితేగానీ రాలేదు. నాకు నిద్ర లేదు. నూనె దీపం పెడదామంటే ఆ ఇత్తడి గిన్నె ఎక్కడ పెట్టానో దొరకలేదు.

పొద్దున తొట్టిలో పురుగులు దాదాపు లేవు. బ్లీచింగు పౌడరు ఇన్నాళ్ళకు పనిచేసినట్టుంది. కొన్ని మందులు నిదానంగా పనిచేస్తాయి.

నవంబరు 16

మళ్ళీ వచ్చాయి.

నవంబరు 17, శనివారం

సాయంత్రం స్విచ్చి వేయడానికి లేస్తుంటే ఈయన, "కాసేపు నా పక్కన కూర్చో, తర్వాత వేద్దువు" అన్నారు. కూర్చున్నాను. తర్వాత లేచి వేశాను. వచ్చి మళ్ళీ కూర్చున్నాను.

"ఇప్పుడు చూడు" అన్నారు.

చూశాను. బల్బు చుట్టూ ఉసుళ్ళలా ఏవో తిరిగాయి. తర్వాత ఒక్కొక్కటే టప్, టప్ మని నీళ్ళలోకి రాలాయి. రాలినవి రాలినట్టే వెల్లకిలా తిరిగి ఈదుకుంటూ పోయాయి.

"నీళ్ళలో పుట్టినవి కావవి. కాలవ నుంచి ఎగిరొస్తాండాయి. నాకు సాయంత్రాలు ఇంకేం పని, కుర్చీలో కూర్చుని ఇదే చూస్తాండా."

"ఎన్నాళ్ళనుంచి తెలుసు మీకు?"

"బల్బు పెట్టినప్పటినుంచే."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే తీసేస్తావు. తీసేసినాక నిద్రపోవు. నీకు ఆ దీపం కావాల. సరే, నేను నాలుగు రోజులు దిగకపోతే ఏమైతాదిలే అనుకున్నా."

"నాకెందుకు? అది అత్తమ్మ కోసం."

అత్తమ్మ వసారాలో వత్తులు చేసుకుంటోంది. తలెత్తింది.

"నా కోసమా? నేనెప్పుడు అడిగితినమ్మా? ఆకాశదీపం పెట్టే ఆనవాయితీయే లేదు మన ఇంట్లో. తులసి కాడ దీపం పెట్టుకుంటా, నువ్వు వచ్చినప్పటినుంచి చూస్తానే ఉండావు. నీ మొగుని కోసం నువ్వు పెట్టుకుంటాండావు, మధ్యలో నేనెందుకు నోరు తెరవాలని ఊరకుంటి."

తొట్టిలోకి టప్, టప్ మని రాలుతూనే ఉన్నాయి.

వెనక్కి తిప్పి ఈ పుస్తకం చదువుకున్నాను. అత్తమ్మ తృప్తి కోసం అని నా చేతి రాతే. వానల వల్ల అని నా చేతి రాతే. గోడ నీడ. బ్లీచింగు పౌడరు. పొలాల్లో పురుగులను పట్టడానికి దీపం పెట్టి కింద నీళ్ళ పళ్ళెం పెడతారని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నేను పెట్టింది అదే. పళ్ళెంలో మాత్రం ఆయన్ను నిలబెట్టాను.

నవంబరు 18, ఆదివారం. పౌర్ణమి

తీసేయడానికి ఏమీ లేదు. వైరు విప్పనక్కర్లేదు, గడ దించనక్కర్లేదు. ఒక స్విచ్చి వేయకపోతే చాలు. ఆరున్నర నుంచి వంటింట్లో దానికి వీపు తిప్పి నిలబడి అన్నం వార్చాను, పప్పు ఎనిపాను, అక్కర్లేని చారు కూడా పెట్టాను.

నమ్మకం లేనిదానికి భయం ఎందుకుండాలి? మిగతా రోజులు వెలిగించకపోతే ఆయనకేమైనా అవుతుందా? వెలిగిస్తే ఏమవుతుందో మాత్రం తెలుసు, కళ్ళతో చూశాను. తెలిసినదాని ప్రకారమే చేయాలి. ఇంతే. ఇంతకంటే గొప్ప మాట నాకు తోచలేదు.

వేయలేదు.

వెన్నెల బాగా కాసింది. పురుగులు వెన్నెలకు కూడా వస్తాయా అని ఒక సందేహం.

నవంబరు 19

వెన్నెలకు రావు. వచ్చినా కొద్దిగానే.

నవంబరు 21

లోపల ఉన్నవాటిని తీయాలి, నీళ్ళు కదలకూడదు. ఆలోచిస్తూ తొట్టి చుట్టూ తిరిగాను. వెనక అరటిచెట్ల వైపు గోడకు, ఒకదాని కింద ఒకటిగా మూడు చెక్క బిరడాలున్నాయి. ఇన్నాళ్ళూ అవేవో మేకుల్లాంటివి అనుకున్నాను. నీలిమందు నానబెట్టినవాళ్ళు పైనీళ్ళను పైనుంచే వదిలేయడానికి పెట్టుకున్నవి అయి ఉండాలి. రంగు అడుగున చేరితే వాళ్ళకది కావాలి. నాకు అడుగున చేరింది అక్కర్లేదు. వాళ్ళ పని తిరగేయాలి.

రాత్రికి పటిక తిప్పి వదిలేశాను. ఎవరినీ తొట్టి దగ్గరికి రానీయలేదు.

నవంబరు 22

పొద్దున కొండయ్య అడుగు బిరడాను రోకలితో కొట్టి వదులు చేశాడు. మొదట వచ్చింది బురద కాదు. నీలం. చిక్కటి నీలం, ధారగా అరటిచెట్ల మొదట్లోకి. ఎన్ని ఏళ్ళనుంచి ఆ గచ్చు సందుల్లో ఉందో.

కొండయ్య చేతులు చూసుకుని, "అమ్మా, ఇంటికి పోతే నన్ను కృష్ణుడంటారు" అన్నాడు.

"నీ మొగానికా" అన్నారు ఈయన.

తర్వాత బురద వచ్చింది. తర్వాత తేటనీళ్ళు. వెంటనే బిరడా దిగ్గొట్టించాను. జానెడు నీళ్ళు పోయాయి, అంతే. గట్టున నిలబడి పైపైన జల్లెడ పట్టాను, అడుక్కు పోయినవాటి వెంట పడలేదు. గాలి కోసం ఎప్పుడో ఒకప్పుడు అవే పైకి రావాలి. వచ్చేదాకా కూర్చున్నాను. వచ్చాయి.

నవంబరు 24

అడుగున గచ్చుమీద గీతలు కూడా కనపడుతున్నాయి. ఈయన దిగారు. ఎడమ కాలును కంటితో నడిపించుకుంటూ గోడ నుంచి గోడకు పోయారు. మధ్యలో గోడ వదిలేశారు.

నవంబరు 28

కొండయ్య కూతురికి పులివెందులలో నొప్పులు మొదలయ్యాయని కబురు. పదిరోజులు రానన్నాడు. పోక ఏం చేస్తాడు.

ఈయనను ఎవరు పట్టుకుంటారు? అమీర్ బాషాను పిలుద్దామంటే, పగలంతా స్తంభాలమీదే ఉంటాడు పాపం.

నవంబరు 29

నేనే దిగాను. చీర కొంగు బిగించి మెట్లు దిగుతుంటే అత్తమ్మ పెరటి తలుపు గడియ వేసి వచ్చి, దానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. "ఎవరన్నా వస్తే ఏం చెప్పాల?" అంది.

"కోడలు స్నానం చేస్తోందని."

"మొగునితో కలిసా?"

నలభై నాలుగేళ్ళు వచ్చాయి, నీళ్ళలో సిగ్గుపడ్డాను. చల్లగా ఉన్నాయి. ఆయన చెప్పిన అబద్ధం అబద్ధం కాదు. వెనకనుంచి నడుము పట్టుకున్నాను. ఆయన బరువు నిజంగానే నీళ్ళు మోస్తున్నాయి. నేను పట్టుకున్నానన్న మాటేగానీ పట్టుకోవడానికి ఏమీ లేదు.

డిసెంబరు 3

నిన్నటితో కార్తీకం అయిపోయింది. ఆయనకు ఏమీ కాలేదు. నేను లెక్క పెట్టుకోలేదని రాద్దామనుకున్నాను.

డిసెంబరు 5

గోడ దగ్గర తిరిగేటప్పుడు ఈయన ఉలిక్కిపడ్డారు. "ఏదో కుట్టింది."

జల్లెడ తెమ్మని అత్తమ్మకు కేక వేశాను. నీళ్ళలో అటూ ఇటూ వెతికాను. దొరికింది, ఒక్కటే, గోడవారన. గట్టుమీద చంపేసిన తర్వాత అడిగాను, ఎక్కడ కుట్టిందని.

"పిక్కమీద."

"ఏ పిక్కమీద?"

ఆయన మెట్ల వైపు తిరిగారు.

పైకి తెచ్చి తుడిచి చూశాను. ఎడమ పిక్కమీద దద్దురు ఉంది. కుడి కాలిమీద ఎక్కడా లేదు.

అయితే దద్దురు ఉంటే ఏమిటి? అక్టోబరులోనూ అక్కడ దద్దుర్లున్నాయి, ఆయనకు తెలియలేదు. ఉలిక్కిపడింది ఇంకెందుకైనా కావచ్చు. దీపం తీసేసి నేను భయపడుతున్నానని నన్ను ఊరడించడానికి అన్నారేమో. నాలుగు రోజులు జలుబు నటించిన మనిషి. నాకు నమ్మాలని ఎంత ఉందో నాకు తెలుసు, అందుకే నా నమ్మకాన్ని నమ్మను. ఈ పుస్తకంలో ఒకసారి చూశాను కదా దాని పని.

అడగను. అడిగితే ఆయన అవునంటారు.

డిసెంబరు 7

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. దిగేముందు నలుమూలలా చూశాను, రెండుసార్లు చూశాను. ఒక్క పురుగు లేదు.

నడక అయిపోయింది. పైకి ఎక్కాలి. ఈ తొట్టికీ మూడు మెట్లే, బడి వరండాకూ మూడు మెట్లే. ఆయన ముందు, నేను వెనక. కుడి చేయి గట్టుమీద వేసి, పీటమీదున్న అత్తమ్మతో ఏదో వాదన పెట్టుకున్నారు. జమ్మలమడుగు కందిపప్పు బాగుంటుందా, ఖాజీపేటదా అని. కళ్ళు అత్తమ్మ వైపే ఉన్నాయి.

నీళ్ళలో చేయి దించి ఎడమ పిక్కమీద గిల్లాను.

"ఛీ" అని కాలు గుంజుకున్నారు. గుంజుకున్న కాలును తీసి తిన్నగా మొదటి మెట్టుమీద పెట్టారు. కిందికి చూడలేదు. అట్లాగే అత్తమ్మ వైపు చూస్తూనే, "ఏమే, ఇంత చేసినా నీ పురుగులింకా పోలేదే" అన్నారు.

"ఒకటి మిగిలింది లెండి" అన్నాను. "ఎక్కండి."